మహమ్మారి కాలంలో అద్దె ఇల్లు

2020వ సంవత్సరం మార్చి 24వ తేదీ రాత్రి దేశమంతటికీ ఒక ఆజ్ఞ వినిపించినది. 21 రోజులు ఎవరూ గడప దాటరాదు. కోవిడ్ అనే అంటువ్యాధి వ్యాపిస్తున్న రోజులవి. ఆ ఆజ్ఞ ప్రాణరక్షణ కోసమే గనుక జనం దానిని శిరసావహించినారు. కాని ఇంటిలో ఉండండి అన్నప్పుడు, ఆ ఇల్లు ఉండదగినదిగా ఉన్నదా అని అడిగినవారు అరుదు. పైకప్పు కారుతున్న ఇంటివారు, కిటికీ తెరుచుకోని ఇంటివారు, నాలుగు వాటాలకు కలిపి ఒకే మరుగుదొడ్డి ఉన్న ఇంటివారు, అందరూ ఆ రాత్రి తలుపులు వేసుకొన్నారు.

సొంత ఇంటిలో ఉన్నవాడు ఇటువంటి లోపం ఉంటే, డబ్బున్నప్పుడు బాగుచేయించుకొంటాడు, లేనప్పుడు సర్దుకొంటాడు. ఒకరిని అడగనక్కరలేదు. అద్దె ఇంటిలో ఉన్నవాడు అడగవలెను. చిక్కంతా ఆ అడగటంలోనే ఉన్నది. 2011 జనాభా లెక్కలను బట్టి చూస్తే మన దేశపు పట్టణ కుటుంబాలలో నూటికి 27కు పైగా అద్దె ఇండ్లలో ఉన్నవి. ఇది దేశం మొత్తానికి వచ్చిన సగటు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో ఏ వీధిలో నడిచినా, గోడకు వ్రేలాడే ‘టులెట్’ పలకలు ఆ సంగతిని మనకు అంకెల అవసరం లేకుండానే చెబుతవి.

ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచినది ముఖ్యంగా ఒక్క విషయం. అంటువ్యాధి వచ్చినప్పుడు ప్రభుత్వాలు అద్దె సంగతి ఆలోచించినవి. ఇల్లు ఖాళీ చేయించే సంగతి ఆలోచించినవి. ఇంటి మరమ్మతు సంగతి మాత్రం యజమానికీ అద్దెదారుకూ మధ్య ఎప్పటినుండో ఉన్న తగవుగానే మిగిలిపోయినది. ఆ తగవులో అద్దెదారునికి అక్కరకు వచ్చే న్యాయసూత్రం ఒకటి 1882వ సంవత్సరం నుండీ మన చట్టంలో ఉన్నది. అది అక్కరకు రావాలంటే కావలసినది పలుకుబడి కాదు, గొడవ అంతకన్నా కాదు, ఒక కాగితం.

మేము అప్పుడు హైదరాబాదులో ఉన్న ఇంటి క్రింది భాగంలో రెండు గదుల వాటా ఒకటి ఉండేది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఆయన ఒక దుకాణంలో లెక్కలు వ్రాసే పనిలో ఉండేవారు. అద్దె నెలకు 7,000 రూపాయలు. అడ్వాన్సు రెండు నెలలది. వెనుక గదికి ఉన్న కిటికీ ఒక్కటే. దాని రెక్క బందు ఊడి, ఎప్పుడు పడుతుందోనని యజమాని రెండు చెక్కలు అడ్డం పెట్టి మేకులు కొట్టించినారు. బాగుచేయించండి అని ఆయన సంక్రాంతికి ముందు ఒకసారి, ఆ తరువాత ఒకసారి అడిగినారు. ‘చూద్దాం లెండి, ఎండాకాలం వచ్చేలోగా చేయిద్దాం’ అన్నారు యజమాని. ఎండాకాలం వచ్చినది, దానితోపాటు లాక్‌డౌన్ వచ్చినది. జూలై నెలలో ఆయనకు జ్వరం వచ్చినది.

అప్పటికే కేంద్ర ఆరోగ్యశాఖ నియమాలు వెలువడినవి. లక్షణాలు స్వల్పంగా ఉన్నవారు ఇంటిలోనే ఉండవచ్చును. అయితే రోగికి వేరే గది ఉండవలెను, మిగిలినవారు దూరంగా ఉండటానికి ఇంటిలో వసతి ఉండవలెను. ఈ నియమం వ్రాసినవారిని తప్పుపట్టవలసినది లేదు. కాని అదే 2011 లెక్కలలో, దేశంలోని కుటుంబాలలో నూటికి 37 కుటుంబాలు ఒకే ఒక గదిలో ఉంటున్నట్లు తేలినది. వారికి ఆ నియమం ఏ విధంగా పనికివస్తుంది? మా క్రింది వాటావారికి రెండు గదులు ఉన్నవి గనుక వారు ఆ లెక్కలో అదృష్టవంతులే. వెనుక గది ఆయనకు విడిచిపెట్టినారు. ఆ గదికి గాలి లేదు.

మూడవ రోజున ఆయన భార్య సుత్తి తెచ్చి, తానే ఆ మేకులు పీకివేసినారు. రెక్క ఊడి పెరటిలో పడి అద్దం పగిలినది. పదిహేను రోజుల తరువాత ఆయన కోలుకొని లేచినారు. వడ్రంగిని పిలిపించి 2,800 రూపాయలతో కొత్త రెక్క పెట్టించుకొన్నారు. మరుసటి సంవత్సరం ఇల్లు మారేటప్పుడు యజమాని అడ్వాన్సులో 3,000 రూపాయలు తగ్గించి ఇచ్చినారు. ‘నా కిటికీ పగలగొట్టినారు గదా’ అన్నారు. ఒకే కిటికీకి ఆయన రెండుసార్లు డబ్బు చెల్లించినారు. ‘నేను రెండుసార్లు అడిగినాను’ అన్నారు ఆయన. ‘ఎప్పుడు అడిగినారు?’ అన్నారు యజమాని. దానికి సమాధానం లేదు. అడిగినట్లు చూపే పొల్లు ముక్క ఒకటి కూడా లేదు.

ఆ యజమాని దుర్మార్గుడు కాడని ఇక్కడ చెప్పటం నా విధి. ఆయన ఉద్యోగవిరమణ చేసిన మనిషి. పింఛను లేదు, ఆ వాటాల మీద వచ్చే అద్దెతోనే కాలక్షేపం. ఆ సంవత్సరం మూడు నెలలు అద్దె రాలేదు. బయటి పనివానిని ఇంటిలోకి రానిస్తే రోగం తెస్తాడేమోనన్న భయం ఆయనకూ ఉన్నది. ఇల్లుగలవాడు ఎప్పుడూ ధనవంతుడే, అద్దెకున్నవాడు ఎప్పుడూ దీనుడే అనే లెక్క మన ఊళ్ళలో అన్ని చోట్లా కుదరదు. అయినప్పటికీ గాలిలేని గదిలో పడుకొన్నది మాత్రం అద్దెదారే.

ఇక ఆ సంవత్సరం ప్రభుత్వం ఏమి చేసినదో చూతము. మార్చి 29వ తేదీన కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం క్రింద ఒక ఉత్తర్వు ఇచ్చినది. వలస కార్మికులతో సహా అద్దె ఇండ్లలో ఉన్న కార్మికులను ఒక నెలపాటు అద్దె అడగరాదు. కార్మికులను గాని, విద్యార్థులను గాని బలవంతంగా ఖాళీ చేయిస్తే చర్య తీసుకొంటారు. అంతకు ముందే ఢిల్లీలో, ఆసుపత్రులలో పనిచేసే వైద్యులను ఇల్లు ఖాళీ చేయమని యజమానులు ఒత్తిడి పెడుతున్నారన్న ఫిర్యాదులు వచ్చినవి. అక్కడి ప్రభుత్వం మార్చి 24న అటువంటి యజమానులపై చర్యకు ఆదేశించినది. తెలంగాణ మంత్రివర్గం ఏప్రిల్ 19న సమావేశమై, మార్చి, ఏప్రిల్, మే నెలల అద్దెను యజమానులు అప్పుడు వసూలు చేయరాదనీ, తరువాత వాయిదాలలో తీసుకోవలెననీ నిర్ణయించినది. అద్దె రద్దు కాలేదు, వాయిదా పడినది. ఈ భేదాన్ని గ్రహించక చిక్కులలో పడినవారు చాలామంది.

ఆ రోజులలోనే మరమ్మతు సంగతి ఎట్లున్నదో చూడండి. లాక్‌డౌన్ మొదలైననాడు అనుమతించిన అత్యవసర సేవలలో విద్యుత్తు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం ఉన్నవి. అవి వీధివరకు వచ్చేవి. ఇంటిలోపల గొట్టం పగిలితే బాగుచేసే పంపులవాడు, తీగ కాలిపోతే చూచే కరెంటు పనివాడు, వడ్రంగి, వీరిని సొంత పనివారుగా బయటికి రానిచ్చినది ఏప్రిల్ 20వ తేదీ నుండి మాత్రమే. అదికూడా రోగం ఎక్కువగా ఉన్న కట్టడి ప్రాంతాలలో కాదు. తెలంగాణలో ఆ సడలింపు సైతం అప్పుడు లేదు. ఏప్రిల్ 19 నాటి ఆ సమావేశమే సడలింపులు లేకుండా లాక్‌డౌన్‌ను మే 7 వరకు పొడిగించినది. అద్దె వాయిదా, పనివారి మీద ఆంక్ష, రెండూ ఒకే సాయంకాలపు నిర్ణయాలు. రెండింటికీ కారణాలు ఉన్నవి. కాని గోడ నాని పెచ్చులూడుతున్న ఇంటిలో కూర్చున్న మనిషికి అద్దె వాయిదా వల్ల ఆ గోడ ఆరదు.

మరి ఇల్లు సరిగా లేదు గనుక, లేదా వ్యాపారం సాగలేదు గనుక, అద్దె మానివేయవచ్చునా? ఈ ప్రశ్న ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చినది. అది నివాసగృహం సంగతి కాదు, ఒక దుకాణపు సంగతి. 2020 మే 21న ఇచ్చిన తీర్పులో కోర్టు, అద్దెదారు స్థలాన్ని తన స్వాధీనంలో ఉంచుకొన్నంతకాలం లాక్‌డౌన్ కారణంగా అద్దె చెల్లింపును నిలిపివేయమని కోరే హక్కు లేదన్నది. ఒప్పందంలో అటువంటి షరతు ఉంటే ఆ షరతును బట్టి చూడవలెనన్నది. కట్టడానికి కొంత గడువు మాత్రం ఇచ్చినది. కాబట్టి అద్దె నిలిపివేయటం ఒక దారి, మరమ్మతు ఖర్చును అద్దెలో మినహాయించుకోవటం వేరొక దారి. మొదటిది ప్రమాదకరం. రెండవదానికి చట్టం ఆసరా ఉన్నది. ఆ సంగతి చెప్పటానికి ముందు, ఇంతకంటె పెద్ద మహమ్మారి ఒకటి మన దేశపు ఇండ్లను ఏమి చేసినదో కొంచెం జ్ఞాపకం చేసుకోవటం మంచిది.

1896వ సంవత్సరంలో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడినది. ఆ మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసినది. అది నాలుగే నాలుగు సెక్షన్ల చిన్న చట్టం. 2020 మార్చిలో రాష్ట్రాలు కోవిడ్ నియమాలు చేసినది ఆ 1897 నాటి చట్టాన్ని ఆధారం చేసుకొనే. ప్లేగు దినాలలో అధికారులు ఇండ్లలోనికి వచ్చినారు. గోడలకు సున్నం కొట్టించినారు. నేలలు త్రవ్వించినారు. వెలుతురు, గాలి రావలెనని పైకప్పు పెంకులు తీయించినారు. సామాను తగులబెట్టించినారు. నివాసానికి పనికిరాదని ఇండ్లకు గుర్తులు వేసినారు. ఈ పనులలో కొన్నింటి వెనుక ఉన్న ఆలోచన చెడ్డది కాదు. చీకటి గదులలో, క్రిక్కిరిసిన చాళ్ళలో రోగం పెరుగుతుందని వారు అనుకొన్నారు. ఎలుకలూ వాటి మీది రక్తం పీల్చే చిన్న పురుగులూ ప్లేగును మోసుకొనిపోతవన్న సంగతి ఆ తరువాత గాని స్థిరపడలేదు. కాని పెంకులు తీయించుకొన్నవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకోవలెను, మళ్ళీ కప్పించేది యజమానా, కాపురమున్నవాడా అన్నది ఎవరికీ ముఖ్యంగా తోచలేదు. 1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడినది. అది వెడల్పైన వీధులు వేసినది. ఇరుకు ఇండ్లు కూలగొట్టినది. కూలగొట్టినన్ని ఇండ్లు పేదలకు కట్టలేదన్న విమర్శ దానికి చిరకాలం తప్పలేదు.

మన పల్లెలలో ప్లేగు వచ్చినప్పుడు జనం ఊరే ఖాళీచేసి, పొలాలలో పాకలు వేసుకొని ఉండేవారని పెద్దలు చెప్పగా విన్నవారు మనలో ఉన్నారు. ఇల్లే రోగస్థానమైనప్పుడు ఇల్లు విడవటం ఆనాటి ఉపాయం. 2020లో ఉపాయం తలక్రిందులైనది, ఇల్లే ఔషధమైనది. ప్లేగునాడు ప్రభుత్వం ఇంటి కప్పు విప్పి లోపలికి తొంగిచూచినది. కోవిడ్ నాడు తలుపు బయట నిలబడి లోపలే ఉండమన్నది. కప్పు విప్పినప్పుడు గాని, తలుపు వేయించినప్పుడు గాని, లోపల కాపురమున్నవానిని ఈ ఇంటికి ఏమి కావలెనని అడిగినవారు లేరు.

గాలి సంగతి మాత్రం మళ్ళీ తిరిగి వచ్చినది. 2021 మే నెలలో, రెండవ ఉప్పెన ముమ్మరంగా ఉన్నప్పుడు, కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఒక సలహాపత్రం ప్రకటించినది. రోగి నుండి వెలువడే సూక్ష్మకణాలు గాలిలో 10 మీటర్ల దూరం వరకు పోగలవనీ, తలుపులు కిటికీలు తెరచి గాలి ఆడనివ్వవలెననీ, గాలిని బయటికి తోసే పంకాలు అమర్చుకోవలెననీ అందులో చెప్పినారు. మా క్రింది వాటాలో సుత్తితో మేకులు పీకిన ఇల్లాలు శాస్త్రం చెప్పకముందే చేసిన పని అది.

ఇక చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ యజమానికీ అద్దెదారుకూ ఉన్న హక్కులను, బాధ్యతలను వరుసగా చెబుతుంది. వేరే ఒప్పందం గాని స్థానికాచారం గాని లేనప్పుడు అవి వర్తిస్తవి. యజమాని తాను చేయవలసి ఉన్న మరమ్మతును, నోటీసు ఇచ్చిన తరువాత తగిన కాలంలోగా చేయకుంటే, అద్దెదారు తానే దానిని చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చును. లేదా మరొక విధంగా యజమాని నుండి రాబట్టుకోవచ్చును. ఇది నేను ముందు చెప్పిన న్యాయసూత్రం. ఇందులో రెండు మాటలను నిదానించి చూడవలెను. ‘నోటీసు ఇచ్చిన తరువాత’ అన్నది ఒకటి. మెట్ల మీద ఎదురుపడినప్పుడు అన్న మాట నోటీసు కాదని నేను అనను. కాని అది అన్నట్లు ఎవరు సాక్ష్యం? ‘తాను చేయవలసి ఉన్న మరమ్మతు’ అన్నది రెండవది. ఏది ఎవరు చేయవలసినదో ఒప్పందంలో వ్రాసుకోకుంటే ఈ సూత్రం సగం బలం కోల్పోతుంది. మనవారు అద్దెపత్రం వ్రాసుకోవటమే అరుదు. వ్రాసుకొన్నా పదకొండు నెలలకు వ్రాసుకొంటారు, సంవత్సరం మించితే రిజిస్ట్రీ చేయించవలసి వస్తుందని. ఆ పత్రంలో అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, మేకులు కొట్టరాదు, అతిథులు రారాదు అన్నవి ఉంటవి. పైకప్పు కారితే ఎవరు చూడవలెనన్నది ఉండదు.

అదే సెక్షన్ అద్దెదారు మీద కూడా భారం పెట్టినది. సహజంగా వచ్చే అరుగుదలను మినహాయించి, ఇంటిని తాను తీసుకొన్న స్థితిలోనే ఉంచవలెను. యజమాని తగిన వేళలో వచ్చి చూస్తానంటే చూడనివ్వవలెను. ఆ ఇంటిని ఎవరైనా ఆక్రమించినట్లు గాని, యజమాని హక్కులకు భంగం కలిగిస్తున్నట్లు గాని తన దృష్టికి వస్తే తగిన వేగంతో యజమానికి తెలుపటం కూడా అతని బాధ్యతే. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు. ఉత్తరం వ్రాయటం పేచీ అనుకొంటారు. చట్టం దృష్టిలో అది కర్తవ్యం.

అగ్ని, తుఫాను, వరద వంటివాటి వల్ల ఇల్లు శాశ్వతంగా పనికిరానిదైతే ఒప్పందం రద్దుచేసుకొనే హక్కు కూడా అద్దెదారునికి ఆ సెక్షన్‌లోనే ఉన్నది. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన కుంభవృష్టి నాడు ఇది ఊహామాత్రం కాలేదు. నగరానికి దక్షిణాన ఉన్న కొన్ని కాలనీలలో రోజుల తరబడి నీరు నిలిచిపోయినది. రోగానికి భయపడి ఆరు నెలలుగా ఇండ్లలో ఉన్నవారు ఇప్పుడు నీటికి భయపడి పైకప్పులెక్కినారు. ప్రభుత్వం వరదపాలైన ఒక్కొక్క కుటుంబానికి 10,000 రూపాయల సహాయం ప్రకటించినది. నీరు తీసినాక గోడలు చెమ్మతో, బూజుతో మిగిలినవి. శాశ్వతంగా పనికిరానిది కాదు, ఉండదగినదీ కాదు. అటువంటి ఇంటికి చట్టంలో తేలికైన మాట లేదు. మరమ్మతే దానికి గతి.

అద్దె నియంత్రణ చట్టం లేదా అని కొందరు అడుగవచ్చును. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టం వచ్చినది. నీరు, వెలుతురు వంటి వసతులను యజమాని నిలిపివేయరాదని అందులో ఉన్నది. కాని 2005లో దానిని సవరించినప్పుడు, కార్పొరేషన్ నగరాలలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె గల ఇండ్లకు అది వర్తించకుండా చేసినారు. 7,000 రూపాయల వాటాలో కిటికీ ఊడినవానికి అది వర్తించదు. ఇంకొక విచిత్రం కూడా ఉన్నది. ఇంటికి మరమ్మతు చేయవలెనన్నది ఆ చట్టంలో యజమాని అద్దెదారును ఖాళీ చేయించటానికి చూపగల కారణాలలో ఒకటి. పని పూర్తయిన తరువాత తిరిగి అతనికే ఇవ్వటానికి ముందు అవకాశం కల్పించవలెనని నియమం ఉన్నమాట నిజమే. అయినా ‘మరమ్మతు’ అన్న మాట వినగానే పాత అద్దెదారులు ఉలిక్కిపడటానికి కారణం ఇదే. అడిగితే ఖాళీ చేయమంటారేమో అన్న భయంతో కారే కప్పు క్రింద బిందె పెట్టుకొని కూర్చునే కుటుంబాలు నేను ఎరుగుదును.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించినది. పేరులోనే ఉన్నట్లు ఇది నమూనా. ఒక్కొక్క రాష్ట్రం దానిని స్వీకరించి చట్టం చేసుకొంటే గాని అక్కడ అమలుకాదు. అయినా దీనిలోని మరమ్మతుల పట్టిక ప్రతి అద్దెపత్రానికీ జతచేసుకోదగినది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు వెల్ల, తలుపులకు కిటికీలకు రంగు, అవసరమైనప్పుడు నీటి గొట్టాలు మార్చటం, లోపలి బయటి విద్యుత్ తీగల పని యజమాని వంతు. కుళాయి మార్చటం, కాలువ శుభ్రం, మరుగుదొడ్డి తొట్టి, చేతులు కడిగే తొట్టి, స్విచ్చీలు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమతెరల వంటివి అద్దెదారు వంతు. ఇందులో అద్దెదారు మీద కొంచెం ఎక్కువే మోపినారని నా అభిప్రాయం; అద్దెకు వచ్చిన రెండవ నెలలో పాడైన తొట్టి ఎన్నేళ్ళ నాటిదో ఎవరు చెప్పగలరు? కాని ఎవరి వంతు ఏదో వ్రాసి ఉండటమే పెద్ద మేలు. యజమాని తన వంతు చేయకుంటే అద్దెదారు చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చునన్న పాత సూత్రం ఇందులోనూ ఉన్నది. ఏ ఒక్క నెలలోనూ ఆ తగ్గింపు నెల అద్దెలో సగం మించరాదని హద్దు పెట్టినారు. మరమ్మతు లేకుండా ఉండటానికి వీలుకాని ఇంటిని, వ్రాతపూర్వకంగా కోరినా యజమాని బాగుచేయించకుంటే, 15 రోజుల నోటీసుతో విడిచిపోవచ్చును. నీరు, విద్యుత్తు నిలిపివేయరాదు. యజమాని లోపలికి రావలెనంటే 24 గంటల ముందు తెలుపవలెను. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తరువాత రారాదు.

ఈ నమూనాలో మరొక నియమం. విపత్తు సంభవించిన సమయంలో అద్దె గడువు ముగిస్తే, ఆ విపత్తు తీరిన తరువాత ఒక నెల వరకు పాత షరతుల మీదనే ఉండనివ్వవలెను. విపత్తు అంటే యుద్ధం, వరద, కరవు, అగ్ని, తుఫాను, భూకంపం, లేదా ప్రకృతి వల్ల కలిగే మరే ఉపద్రవమైనా అని వివరించినారు. అంటువ్యాధి అన్న మాట అందులో లేదు. రెండవ ఉప్పెనలో శ్మశానాల ముందు వరుసలు కట్టిన ఆ సంవత్సరంలోనే ఆమోదించిన పత్రంలో ఆ ఒక్క మాట ఎందుకు చేరలేదో! చివరనున్న ‘మరే ఉపద్రవమైనా’ అన్న దానిలో మహమ్మారి కూడా ఇమిడి ఉన్నదని వాదించవచ్చును. కాని అద్దెదారు కోర్టుకు పోయి వాదించవలసిన స్థితిలో దానిని ఎందుకు ఉంచవలెను? ఈ నమూనాను స్వీకరించే రాష్ట్రాలు అక్కడ ‘అంటువ్యాధి’ అని స్పష్టంగా చేర్చటం కష్టమైన పని కాదు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. అది వకీలు వ్రాయనక్కరలేదు. తేదీ వేయండి. ఇంటి నంబరు, వాటా వ్రాయండి. ఏది పాడైనదో ఒక వాక్యంలో, ఎప్పటినుండో మరొక వాక్యంలో వ్రాయండి. ‘వెనుక గది కిటికీ రెక్క బందు ఊడినది, జనవరి నుండి మూసివేసి ఉన్నది, గదిలోనికి గాలి లేదు, ఇన్ని రోజులలోగా బాగుచేయించ ప్రార్థన, లేనియెడల నేనే చేయించి ఖర్చును అద్దెలో మినహాయించుకొందును’ అంటే చాలు. మర్యాద తగ్గనక్కరలేదు, ‘గారు’ అన్నందువల్ల హక్కు పలచబడదు. చేతి ఫోనుతో ఒక ఛాయాచిత్రం తీసి ఆ కాగితంతో పాటు పంపండి. పంపిన సందేశాన్ని చెరిపివేయకండి. రిజిస్టరు పోస్టులో పంపితే రశీదు దాచుకోండి. తగిన కాలం అన్నది పనిని బట్టి మారుతుంది. మరుగుదొడ్డి పొంగితే అది గంటలలో లెక్క. వెల్ల అయితే నెలలలో లెక్క. అంటువ్యాధి రోజులలో పనివాడు దొరకటం కష్టమైతే ఆ సంగతిని కూడా కాగితం మీద వ్రాయమని యజమానిని అడగండి. అప్పుడు వాయిదా ఒక తేదీకి కట్టుబడి ఉంటుంది.

పనివాడు వచ్చినప్పుడు జాగ్రత్తలు అందరికీ తెలిసినవే. కిటికీలు తెరచి, ముఖానికి గుడ్డ కట్టుకొని, ఇంటివారు వేరే గదిలో ఉండి పని చేయించుకోవచ్చును. రోగం ఉన్న ఇల్లయితే ఆ మాట అతనికి ముందే చెప్పవలెను. అతనికీ ఒక అద్దె ఇల్లు, పిల్లలు ఉంటారు. పని అయిన తరువాత అతని చేత డబ్బు ముట్టినట్లు వ్రాయించుకోండి. సంతకం రాకుంటే వేలిముద్ర చాలును. ఆ నెల అద్దె ఇచ్చేటప్పుడు, ఇంత మరమ్మతు ఖర్చు, ఇంత అద్దె అని విడివిడిగా చూపి రశీదు తీసుకోండి. రశీదు ఇవ్వకుంటే డబ్బును బ్యాంకు ద్వారా పంపండి. బ్యాంకు లెక్కయే రశీదవుతుంది.

మా క్రింది వాటాలో ఉన్న కుటుంబం ఇప్పుడు నగరంలోనే మరొక చోట ఉన్నది. కొత్త ఇంటిలో చేరిన నాడు, పాలు పొంగించిన తరువాత, ఆ ఇల్లాలు గదిగదికీ తిరిగి ప్రతి కిటికీనీ తెరచి మూసి చూచినారట. ఆయన వెనుక నడుస్తూ ఏది పట్టుకొన్నదో, ఏది ఊగుతున్నదో కాగితం మీద వ్రాసినారు. ఏడు లోపాలు తేలినవి. క్రింద ఇంటి యజమానురాలి సంతకం అడిగితే ఆమె మొదట నొచ్చుకొన్నారు. ‘ఇరవై ఏళ్ళుగా అద్దెకిస్తున్నాను, ఎవరూ ఇట్లా అడగలేదు’ అన్నారు. తరువాత కళ్ళజోడు తెప్పించుకొని, ఆ ఏడింటినీ చదివి సంతకం చేసినారు. ఆ వారంలోనే రెండింటిని బాగుచేయించినారు. మిగిలిన అయిదింటికి ఎదురుగా తేదీలు వేసినారు.